గోధుమకు పుట్టింటి చుట్టం

పాఠం చదివే ముందు

ఇది అభిప్రాయ వ్యాసం. ఇలాంటి వ్యాసంలో రచయిత ముందుగా కొన్ని వాస్తవాలు చెబుతారు. తరువాత వాటి ఆధారంగా తన అభిప్రాయాన్ని మన ముందు ఉంచుతారు. చదివేటప్పుడు ఏది వాస్తవం, ఏది అభిప్రాయం అని వేరు చేసుకుంటూ చదవండి. రచయితతో మీరు ఏకీభవించవచ్చు, విభేదించవచ్చు. ఎందుకో మాత్రం మీ మాటల్లో చెప్పగలగాలి. మధ్యలో 'ఆలోచించండి' అని ఉన్న చోట కాసేపు ఆగి, జవాబు మనసులో అనుకుని ముందుకు సాగండి.

1. కంచం నుంచి మొదలుపెడదాం

తెలుగు నేలలో గోధుమ పండించే రైతులు తక్కువ. గోధుమ తినేవాళ్లు మాత్రం తక్కువేమీ కాదు. పొద్దున ఉప్మాకు రవ్వ కావాలి. రాత్రి పుల్కాలకు పిండి కావాలి. పిల్లలకు బిస్కెట్టు, టీ కొట్టులో బన్ను, హోటల్లో పూరీ, పండగనాడు బొబ్బట్టు పైపొరకు మైదా, ఇవన్నీ గోధుమ నుంచి వచ్చినవే. చక్కెర వ్యాధి వచ్చినవాళ్లు రాత్రి అన్నం మానేసి చపాతీ తినడం ఇప్పుడు ఇంటింటా కనబడుతుంది. ఈ గోధుమ ఎక్కువగా పంజాబు, హర్యానా, ఉత్తరప్రదేశ్, మధ్యప్రదేశ్ పొలాల నుంచి మనకు వస్తుంది.

కాని గోధుమ పుట్టిల్లు పంజాబు కాదు. పశ్చిమాసియాలో నేటి టర్కీ, సిరియా, లెబనాన్, ఇజ్రాయెల్, పాలస్తీనా, జోర్డాన్, ఇరాక్, ఇరాన్ దేశాలున్న ప్రాంతంలో మనిషి మొట్టమొదట గోధుమను సాగు చేశాడు. అక్కడి కొండ వాలుల్లో, రాళ్ల సందుల్లో, ఇసుక నేలల్లో గోధుమ దాయాదులైన అడవి గడ్డి మొక్కలు ఇప్పటికీ పెరుగుతున్నాయి. వాటిని ఎవరూ విత్తరు, ఎవరూ నీరు పెట్టరు, ఎవరూ కోయరు. వాటిలో ఒకదానికి ఇప్పుడు నిలువ నీడ కరువవుతోంది. ఆ గడ్డి గురించి మనం ఎందుకు పట్టించుకోవాలో చెప్పడమే ఈ వ్యాసం ఉద్దేశం.

2. ఆ గడ్డి ఏది? ఎక్కడిది?

మధ్యధరా సముద్రపు తూర్పు తీరాన, ఇజ్రాయెల్ దేశంలో, హైఫా, టెల్ అవీవ్ నగరాల నడుమ షారోన్ అనే మైదానం ఉంది. ఆ మైదానం పేరే ఈ గడ్డికి వచ్చింది. ఇంగ్లీషులో దీనిని షారన్ గోట్ గ్రాస్ అంటారు. గోట్ గ్రాస్ అంటే మేకగడ్డి. మనం షారోన్ మేకగడ్డి అని పిలుచుకుందాం. శాస్త్రీయ నామం ఈజిలాప్స్ షారోనెన్సిస్. అలెగ్జాండర్ ఐగ్ అనే వృక్షశాస్త్రజ్ఞుడు 1928లో దీనిని ప్రత్యేక జాతిగా వర్ణించాడు.

ఈ గడ్డి ఉండే చోటు చాలా చిన్నది. ఇజ్రాయెల్ సముద్ర తీరపు మైదానం, దక్షిణ లెబనాన్ తీరం, అంతే. అక్కడ కూడా అన్ని నేలల్లో పెరగదు. తీరం వెంట ఉన్న ఇసుక దిబ్బలు, ఇసుక గట్టిపడి రాయిగా మారిన గుట్టలు, వాటి పక్కనుండే తేలిక నేలలు దీనికి ఇష్టం. ఆ దేశంలో వానలు చలికాలంలో పడతాయి. తొలి వానలకు గింజ మొలుస్తుంది. చలికాలమంతా ఎదిగి, వేసవి ముదరక ముందే వెన్ను వేసి పండుతుంది. చూడటానికి సన్నని గోధుమ మొక్కలా ఉంటుంది. వెన్నుకు మీసాలుంటాయి. పండగానే వెన్ను విరిగి నేల రాలుతుంది. మనిషి కోసి కళ్లానికి తెచ్చేదాకా అది ఆగదు. సాగు మొక్కకూ అడవి మొక్కకూ ఉన్న ముఖ్యమైన తేడా ఇదే. రాలని గింజను ఏరుకుని విత్తుతూ పోవడం వల్లనే పైరు పైరయింది. రాలే స్వభావం ఉన్నది గడ్డిగా మిగిలింది.

మరి ఈ గడ్డికి గోధుమతో చుట్టరికం ఏమిటి? మనం రొట్టెలకు వాడే గోధుమ ఒక్క మొక్క వంశం కాదు. మూడు గడ్డి జాతుల కలయిక. అడవి గోధుమ ఒకటి, మేకగడ్డి జాతి ఒకటి, ఎవరూ కలపకుండానే అడవిలోనే కలిశాయి. ఒక్కొక్క దానిలో 14 క్రోమోజోములు. రెండూ కలిసిన మొక్కలో 28. ఆ 28 ఉన్న గోధుమను మనిషి సాగు చేస్తున్న కాలంలో, కాస్పియన్ సముద్రానికి దక్షిణాన, మరో మేకగడ్డి దానితో కలిసింది. అలా 42 క్రోమోజోముల గోధుమ పుట్టింది. ఇది వేల ఏళ్ల కిందటి మాట. రెండవ వాటా క్రోమోజోములను ఇచ్చిన గడ్డి ఏ శాఖకు చెందిందో, షారోన్ మేకగడ్డి కూడా ఆ శాఖదే. అంటే ఇది గోధుమకు కన్నతండ్రి కాదు, పినతండ్రి వరస.

ఆలోచించండి: మీ ప్రాంతంలో పైరును పోలి ఉండి, పైరు కాని గడ్డి ఏదైనా ఉందా? దానిని మీ ఊళ్లో ఏమని పిలుస్తారు?

3. ఎడతెగని పోటీ

గోధుమకు పెద్ద శత్రువు తుప్పు తెగులు. దీనినే కుంకుమ తెగులు అని కూడా అంటారు. ఇది శిలీంధ్రం వల్ల వస్తుంది. ఆకుకు వచ్చేది ఒకటి, పసుపు చారలుగా వచ్చేది ఒకటి, కాండానికి వచ్చేది ఒకటి. మూడింటిలో కాండపు తుప్పు మరీ ప్రమాదకరమైనది. కాండం మీద ఇటుక రంగు పొక్కులు లేస్తాయి. అవి పగిలి పొడి రాలుతుంది. ఆ పొడిలో ఉన్నవి తెగులు బీజాలు. గింజకు చేరవలసిన ఆహారాన్ని శిలీంధ్రం తినేస్తుంది. కాండం బలహీనపడి పైరు పడిపోతుంది. గింజ తాలుపోతుంది. ఆ పొడి గాలిలో లేచి వందల కిలోమీటర్లు ప్రయాణం చేయగలదు.

ఈ ప్రయాణం మన దేశంలోనూ ఉంది. ఉత్తరాది మైదానాల్లో వేసవి ఎండకు తుప్పు బీజాలు చచ్చిపోతాయి. అయినా మరుసటి ఏడు తెగులు మళ్లీ ఎలా వస్తోంది? కె.సి. మెహతా అనే భారతీయ శాస్త్రజ్ఞుడు ఎన్నో ఏళ్లు పరిశోధించి జవాబు చెప్పాడు. చల్లని కొండ ప్రాంతాల్లో తెగులు ఏడాది పొడవునా బతికి ఉంటుంది, అక్కడి నుంచి గాలి దానిని మైదానాలకు మోసుకొస్తుంది. కాండపు తుప్పు విషయంలో ఆ కొండలు ముఖ్యంగా నీలగిరి, పళని కొండలు. తుఫాను వానలతో పాటు ఆ బీజాలు దక్షిణాది ఆకాశం మీదుగా మధ్య భారతానికి చేరతాయి. గోధుమ పండించని మనం ఆ తెగులు దారిలోనే ఉన్నామన్న మాట.

తుప్పును ఆపడానికి మందు చల్లవచ్చు. దానికి ఖర్చు అవుతుంది. తెగులును తట్టుకునే వంగడం వేసుకోవడం చిన్న రైతుకు సులువైన దారి. కాని ఏ వంగడమూ కలకాలం తట్టుకోదు. తెగులు కూడా మారుతుంది. కోట గోడకు కన్నం దొరికేదాకా దొంగ తిరుగుతూనే ఉంటాడు. పంజాబులో 1995లో విడుదలైన పి.బి.డబ్ల్యూ. 343 అనే గోధుమ కథ దీనికి మంచి ఉదాహరణ. దిగుబడి బాగుండడంతో ఉత్తరాది అంతటా రైతులు దానినే వేశారు. తరువాత దానిని లొంగదీసే పసుపు తుప్పు కొత్త తెగ వచ్చింది. 2008 తరువాతి కొన్ని సీజన్లలో పంజాబు, దాని పొరుగు రాష్ట్రాల రైతులకు పసుపు తుప్పుతో చాలా ఇబ్బంది కలిగింది. వంగడాలను మార్చుకోవలసి వచ్చింది.

కాండపు తుప్పు విషయంలో ఇంకా పెద్ద దెబ్బ తగిలింది. రై అనే మరో ధాన్యపు మొక్క నుంచి గోధుమలోకి తెచ్చిన ఒక జన్యువు చాలా ఏళ్లు ప్రపంచంలోని ఎన్నో గోధుమ వంగడాలను కాపాడింది. పి.బి.డబ్ల్యూ. 343లోనూ ఉన్నది ఆ కవచమే. 1998లో ఉగాండాలో ఆ కవచాన్ని ఛేదించే కొత్త తెగ కనబడింది. 1999లో దానికి యు.జి.99 అని పేరు పెట్టారు. అది కెన్యా, ఇథియోపియా దేశాలకు పాకింది. 2006లో యెమెన్‌లో, 2007లో ఇరాన్‌లో కనబడింది. హరిత విప్లవ పితామహుడుగా పేరుపొందిన నార్మన్ బోర్లాగ్ తన ముసలితనంలో ప్రపంచమంతటినీ హెచ్చరించాడు. మన దేశపు గోధుమ రకాలను కెన్యాకు పంపి, ఆ తెగ ముందు ఏవి నిలుస్తాయో పరీక్షించారు.

ఆలోచించండి: ఊరంతా ఒకే వంగడం వేస్తే లాభమేమిటి? నష్టమేమిటి?

4. గడ్డి దగ్గర ఉన్న కవచం

కొత్త కవచం ఎక్కడ దొరుకుతుంది? తెగులుతో వేల ఏళ్లుగా కలిసి బతుకుతున్న మొక్కల దగ్గర దొరుకుతుంది. షారోన్ మేకగడ్డికి ఎవరూ మందు చల్లలేదు. తెగులు వచ్చిన ప్రతిసారీ తట్టుకోలేని మొక్కలు గింజ వేయకుండా పోయాయి, తట్టుకున్న మొక్కలు సంతానాన్ని మిగిల్చాయి. ఆ సంతానమే నేటి గడ్డి. గోధుమకు ఈ అదృష్టం తక్కువ. మూడు జాతుల కలయిక బహుశా కొద్దిసార్లే జరిగింది. అలా పుట్టిన కొద్ది మొక్కల సంతానమే ప్రపంచమంతటా పరచుకుంది. చుట్టాలందరి ఆస్తినీ అది వెంట తెచ్చుకోలేదు. కొంత పుట్టింట్లోనే ఉండిపోయింది.

శాస్త్రజ్ఞులు ఆ తీరమంతా తిరిగి ఈ గడ్డి గింజలు సేకరించి, మొలిపించి, వాటికి రకరకాల తెగుళ్లను అంటించి చూశారు. ఆకు తుప్పును, కాండపు తుప్పును, పసుపు తుప్పును, బూడిద తెగులును తట్టుకునే మొక్కలు వాటిలో కనబడ్డాయి. అయితే అన్ని మొక్కలూ ఒకటి కావు. ఒకచోటి మొక్క ఒక తెగులును తట్టుకుంటే, మరోచోటి మొక్క వేరొక తెగులును తట్టుకుంటుంది. ఈ సంగతి గుర్తుంచుకోండి, ముందు మనకు అవసరం వస్తుంది.

గడ్డి నుంచి ఆ గుణాన్ని గోధుమకు తేవడం అంత తేలిక కాదు. ఈ గడ్డి క్రోమోజోములలో ఒకదానికి వింత అలవాటు ఉంది. గోధుమతో సంకరం చేసినప్పుడు తనను మోయని బీజకణాలను అది చెడగొడుతుంది. అందువల్ల సంతానంలో అదే మిగులుతుంది. కాకి గూట్లో గుడ్డు పెట్టే కోకిలను తలచుకుని శాస్త్రజ్ఞులు ఇలాంటి దానికి కోకిల క్రోమోజోము అని పేరు పెట్టారు. చాలా కాలం ఈ చిక్కు వల్ల గడ్డి సంపద గడ్డి దగ్గరే ఉండిపోయింది. చివరకు 2022లో పలు దేశాల శాస్త్రజ్ఞుల బృందం ఈ గడ్డి జన్యు పటం తయారు చేసి, కాండపు తుప్పును అడ్డుకునే ఒక జన్యువును విడిగా గుర్తించింది. దాని పేరు ఎస్.ఆర్.62. ఆ జన్యువును గోధుమలో ప్రవేశపెట్టి చూస్తే ఆ గోధుమ కాండపు తుప్పును తట్టుకుంది.

ఒక్క జన్యువుతో పోటీ ముగిసిపోదు. రై ఇచ్చిన కవచం ఎలా పగిలిందో చూశాం కదా. తలుపుకు ఒక్క తాళం చాలదు, మూడు నాలుగు తాళాలు వేయాలి. ఒకే వంగడంలో వేర్వేరు జన్యువులు కలిపి పెడితే తెగులు వాటన్నిటినీ ఒకేసారి ఛేదించడం కష్టం. అన్ని తాళాలు కావాలంటే అన్ని చుట్టాల ఇళ్లూ నిలిచి ఉండాలి.

ఇది మన వరి విషయంలోనూ రుజువైంది. 1970 ప్రాంతంలో సుడిదోమ ద్వారా వ్యాపించే ఒక వైరస్ తెగులు ఆగ్నేయాసియా వరి పొలాలను గిడసబార్చింది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ వారు వేలాది నమూనాలను పరీక్షించారు. సరిగ్గా తట్టుకున్నది ఒకే ఒక్క నమూనా. అది ఉత్తరప్రదేశ్ నుంచి వెళ్లిన అడవి వరి. మన పెద్దలు నివ్వరి అన్నది ఇలాంటి వరినే. ఆ గుణాన్ని కలుపుకుని 1976లో విడుదలైన ఐ.ఆర్. 36 ఒకప్పుడు ప్రపంచంలో అతి విస్తారంగా సాగైన వరి. ఏ చెరువు అంచునో, ఏ గుంటలోనో పెరిగిన ఆ కాస్త గడ్డి అప్పటికే పోయి ఉంటే?

5. గింజను పెట్టెలో దాస్తే చాలదా?

ఇక్కడ ఒక ప్రశ్న వస్తుంది. గింజలను సేకరించి చల్లని గదుల్లో భద్రపరిచారు కదా, ఇక నేల మీద గడ్డి పోతే ఏం? ప్రశ్న సబబైనదే. దీనికి సూటిగా జవాబు చెప్పాలి.

విత్తన నిధులు చాలా అవసరం. వాటి విలువను తక్కువ చేయడం నా ఉద్దేశం కాదు. రెండో ప్రపంచ యుద్ధంలో లెనిన్‌గ్రాడ్ ముట్టడి సమయాన, అక్కడి విత్తన నిధి ఉద్యోగులు కొందరు ఆకలితో చనిపోయారు గాని, తమ చేతుల్లో ఉన్న ధాన్యపు నమూనాలను తినలేదు. సిరియాలో అలెప్పో దగ్గర ఇకార్డా అనే అంతర్జాతీయ సంస్థకు గోధుమ, బార్లీ, వాటి అడవి చుట్టాల పెద్ద విత్తన నిధి ఉండేది. అంతర్యుద్ధం వల్ల సంస్థ అక్కడి నుంచి కదలవలసి వచ్చింది. ముందుచూపుతో నార్వే దేశపు స్వాల్‌బార్డ్ మంచు దీవిలో దాచిన నకలు గింజలను 2015లో వెనక్కు తెప్పించుకుని, లెబనాన్, మొరాకో దేశాల్లో మళ్లీ నాటి పెంచారు. విత్తన నిధి ఎంత మేలు చేస్తుందో ఈ సంఘటన చెబుతుంది. ఒక్కచోట దాస్తే ఎంత ప్రమాదమో కూడా చెబుతుంది.

అయినా పెట్టెలోని గింజకు రెండు లోపాలున్నాయి.

మొదటిది. పెట్టెలో ఉండేది కొద్ది మాత్రమే. ఒకచోటి మొక్కకూ మరోచోటి మొక్కకూ తేడా ఉంటుందని పైన చెప్పుకున్నాం. సేకరించేవారు ఒక గుట్ట దగ్గర ఆగి పిడికెడు గింజలు తీసుకుంటారు. పక్క గుట్ట మీద ఉన్న మొక్కలో ఏముందో ఆ పిడికిట్లో ఉండకపోవచ్చు. వరి విషయంలో వేలాది నమూనాల్లో ఒక్కటే పనికి వచ్చింది. ఆ ఒక్కటీ మనం తీసుకోని పిడికిట్లో ఉంటే ఎవరికి తెలుస్తుంది?

రెండవది ఇంకా ముఖ్యం. పెట్టెలో గింజ నిద్రపోతుంది. నేల మీద మొక్క నేర్చుకుంటుంది. ఇజ్రాయెల్‌లోనే జరిగిన ఒక పరిశోధన చూడండి. 1980లో కొన్ని చోట్ల అడవి గోధుమ, అడవి బార్లీ గింజలు సేకరించారు. 28 ఏళ్ల తరువాత, 2008లో, మళ్లీ అవే చోట్ల సేకరించారు. రెండు కాలాల గింజలనూ ఒకే చోట పెంచి చూశారు. కొత్త గింజల నుంచి వచ్చిన అడవి గోధుమ సగటున ఎనిమిది తొమ్మిది రోజులు, అడవి బార్లీ సుమారు పదకొండు రోజులు ముందుగా పూతకు వచ్చాయి. ఆ దేశంలో ఎండలు పెరిగాయి. వాటికి తగ్గట్టు 28 ఏళ్లలోనే గడ్డి తన పూత కాలాన్ని మార్చుకుంది. ఫలితాలు 2012లో వెలువడ్డాయి. పెట్టెలో ఉన్న గింజకు ఈ పాఠం తెలియదు. అది 1980 దగ్గరే ఆగిపోయింది.

తెగులు మాత్రం ఎక్కడా ఆగలేదు. ప్రతి ఏడూ మారుతూనే ఉంది. కనుక తెగులుతో పాటు మారుతూ వచ్చే మొక్కలు కూడా మనకు కావాలి. దాచిన గింజ నిన్నటి సంగతి చెబుతుంది. నేటి సంగతి నేల మీద నిలిచి ఉన్న మొక్కే చెప్పగలదు.

ఆలోచించండి: బడి మానేసిన రోజు దగ్గరే ఆగిపోయిన చదువుకూ, బతుకులో రోజూ నేర్చుకునే చదువుకూ తేడా ఏమిటి? పెట్టెలోని గింజకూ నేల మీది మొక్కకూ ఉన్న తేడా ఇలాంటిదేనా?

6. ఇళ్లు కావాలి కదా?

ఇప్పుడు అవతలి పక్షం మాట విందాం. షారోన్ మేకగడ్డి పెరిగే తీరమే ఇజ్రాయెల్‌లో జనం అత్యధికంగా ఉండే తీరం. టెల్ అవీవ్ 1909లో ఇసుక దిబ్బల మీద మొదలైంది. తరువాత ఒక్కొక్కటిగా ఊళ్లు, పట్టణాలు వెలిశాయి. అంతకు ముందు నుంచీ నారింజ తోటలుండేవి. అవి ఇంకా విస్తరించాయి. రోడ్లు, కర్మాగారాలు, ఎత్తయిన భవనాలు వచ్చాయి. ఇసుక కదలకుండా ఉండాలని ఆస్ట్రేలియా నుంచి తెచ్చి నాటిన ఒక తుమ్మ జాతి చెట్టు దిబ్బలను కప్పేస్తోంది. దాని నీడలో అక్కడి చిన్న మొక్కలు బతకవు. సర్కారు తుమ్మ మన బీళ్లనూ చెరువు గర్భాలనూ ఆక్రమించడం చూసినవారికి ఇది వేరే చెప్పనక్కరలేదు. గడ్డి ఉండే చోట్లు ముక్కలు ముక్కలయ్యాయి. ముక్కకూ ముక్కకూ మధ్య రోడ్డో గోడో ఉంది.

ఆ నేల మీద ఎవరికి ఎంత హక్కు అన్న విషయంలో మనుషుల మధ్య చాలా కాలంగా తగాదా ఉంది, రక్తపాతం ఉంది. దక్షిణ లెబనాన్ తీరమూ యుద్ధాలు చూసింది. మనిషి ప్రాణానికే భద్రత లేని చోట గడ్డి ప్రాణం గురించి మాట్లాడటం వింతగా తోచవచ్చు. తలదాచుకోవడానికి గూడు అడిగే మనిషికి గడ్డిని చూపించి కాదనడం న్యాయం కాదు. ఈ మాటను నేను ఒప్పుకుంటాను.

కాని, ఇల్లు కావాలా, గడ్డి కావాలా అని అడగడంలోనే పొరపాటు ఉంది. ఈ గడ్డికి పెద్ద అడవి అక్కరలేదు. ఊళ్ల మధ్య మిగిలిన ఇసుకరాతి గుట్టలు, రోడ్డు పక్క పట్టీలు, బడుల వెనుక ఉన్న ఖాళీ జాగాలు, ఉద్యానవనాల్లో దున్నని మూలలు చాలు. ఏ ఏ ముక్కల్లో ఏ ఏ రకాల మొక్కలున్నాయో లెక్క తీసి, వాటిలో ముఖ్యమైనవి కట్టడాలకు వదలకుండా ఉంచాలి. తుమ్మను తొలగించాలి. కంచె వేసి మరిచిపోతే కూడా లాభం లేదు. పొదలు పెరిగి గడ్డిని అణచివేస్తాయి. కొంత మేత, కొంత కోత ఉండాలి. అన్నిటికన్నా ముందు, అక్కడ నివసించేవారికి తమ ఇంటి పక్క గుట్ట మీద ఏముందో తెలియాలి. తెలియనిదాన్ని ఎవరూ కాపాడరు. కలుపు అనుకుని పీకి పారేస్తారు. అది వాళ్ల తప్పు కాదు, చెప్పనివాళ్ల తప్పు.

ఖర్చు ఎవరు పెట్టాలి? అక్కడి ప్రజలే మొత్తం భరించాలనడం సరికాదు. ఆ గడ్డి నుంచి వచ్చే మేలు గోధుమ తినే ప్రతి దేశానికీ చేరుతుంది. గోధుమ విత్తనం అమ్మి లాభం పొందేవారికి మరీ ఎక్కువగా చేరుతుంది. ఆహార పంటల జన్యు సంపదను దేశాలు పంచుకోవాలని, దాని వల్ల వచ్చిన లాభంలోనూ వాటా ఉండాలని 2001లో ఒక అంతర్జాతీయ ఒప్పందం కుదిరింది. 2004 నుంచి అది అమలులోకి వచ్చింది. మన దేశమూ అందులో ఉంది. ఒప్పందం కాగితం మీద ఉంటే సరిపోదు. లాభంలో వాటా విత్తన నిధులకే కాక, గడ్డి నిలిచిన నేలకూ చేరాలన్నది నా అభిప్రాయం.

7. మన ఇంటి చుట్టాలు

దూరదేశపు గడ్డి గురించి ఇంతసేపు మాట్లాడాం. అక్కడివాళ్లకు సలహా చెప్పేముందు మన పెరడు కూడా చూసుకోవాలి.

చెరువు అంచుల్లో, కాలువ గట్ల పక్క గుంటల్లో పెరిగే నివ్వరి మనకు ఉంది. చెరువు పూడ్చి ఇళ్ల స్థలాలు చేసిన ప్రతిచోటా అదీ పోతుంది. తూర్పు కనుమల్లో అడవి కంది ఉంది. మన కందికి అతి దగ్గర చుట్టం అది. హైదరాబాదు దగ్గర పటాన్‌చెరులో 1972లో ఏర్పడిన ఇక్రిశాట్ సంస్థలో కందిలో సంకర వంగడాలు తయారు చేయడానికి దారి చూపింది ఆ అడవి కందే. కొండల్లో దానిని చూసినవారు మామూలు పొద అనుకుంటారు.

షారోన్ తీరంలో జరుగుతున్నది మన ఊరి చెరువు అంచునా జరుగుతోంది. తేడా ఒక్కటే. అక్కడ ఆ గడ్డిలో ఏముందో కొంత తెలిసింది. ఇక్కడ మన గడ్డిలో ఏముందో ఇంకా పూర్తిగా వెదకనేలేదు.

పుట్టిల్లు ఉందన్న ధైర్యం వేరు. కష్టం వచ్చినప్పుడు వెళ్లి తలుపు తట్టడానికి ఒక గుమ్మం ఉంటుంది. గోధుమకు కష్టం వచ్చింది, మళ్లీ వస్తుంది. అప్పుడు వెళ్లడానికి ఆ ఇసుక దిబ్బల మీద కాస్త గడ్డి మిగిలి ఉండాలి. చపాతీ తినే మనమంతా ఆ మాట అడగవచ్చు. అడిగే హక్కు మనకు ఉంది. మన చెరువు అంచున నివ్వరిని నిలుపుకుంటే ఆ మాటకు బలమూ వస్తుంది.

కొత్త మాటలు

క్రోమోజోము: జీవకణంలో వంశపు గుణాలను మోసే పోగు.
జన్యువు: క్రోమోజోములో ఒక గుణానికి కారణమైన భాగం.
వంగడం: పంటలో ఒక ప్రత్యేక రకం.
శిలీంధ్రం: బూజు, పుట్టగొడుగు వంటి జీవుల జాతి.
విత్తన నిధి: గింజలను చల్లని గదుల్లో చాలా ఏళ్లు భద్రపరిచే చోటు.

మీ ప్రగతిని పరిశీలించుకోండి

1. షారోన్ మేకగడ్డి ఏ ప్రాంతాల్లో పెరుగుతుంది? ఎలాంటి నేల దానికి అనుకూలం?
2. ఒక వంగడం ఎంత మంచిదైనా కలకాలం తెగులును ఎందుకు తట్టుకోలేదు? వ్యాసంలోని ఒక ఉదాహరణతో రాయండి.
3. 1980లో, 2008లో సేకరించిన గింజలతో చేసిన పరిశోధన వల్ల ఏం తెలిసింది? రచయిత వాదానికి అది ఎలా బలమిస్తుంది?
4. ఈ వ్యాసం నుంచి మూడు వాస్తవాలు, రెండు అభిప్రాయాలు ఏరి రాయండి.
5. 'ఇళ్లు కావాలి కదా?' అన్న భాగంలో రచయిత అవతలి పక్షం మాటను ఎక్కడ ఒప్పుకున్నారు? ఎక్కడ ఒప్పుకోలేదు?
6. మీ ఊళ్లో పెద్దలను అడిగి, ఒకప్పుడు ఉండి ఇప్పుడు కనబడని ఒక మొక్క గురించి తెలుసుకోండి. అది ఎందుకు పోయింది, తిరిగి రావాలా వద్దా అన్న విషయం మీద మీ అభిప్రాయాన్ని పది వాక్యాల్లో రాయండి.